శ్రీముఖుడు ఎప్పటివాడు, ఎక్కడివాడు?

పోటీ పరీక్షలకు చదివే పిల్లల దగ్గరుండే చరిత్ర పుస్తకాలు రెండు మూడు తెచ్చి పక్కపక్కన పెట్టి చూడండి. శాతవాహన వంశానికి మూలపురుషుడు శ్రీముఖుడు అనే దగ్గర అన్నీ ఒకే మాట మీద ఉంటాయి. ఆయన ఎప్పుడు రాజయ్యాడనే దగ్గరికి వచ్చేసరికి దారులు చీలిపోతాయి. ఒకటి క్రీ.పూ. 3వ శతాబ్దం అంటుంది, ఇంకొకటి క్రీ.పూ. 1వ శతాబ్దం అంటుంది. తొలి రాజధాని ఒకదాంట్లో ప్రతిష్ఠానం, మరొకదాంట్లో కోటిలింగాల. చదివే పిల్లలు ఏది రాయాలో తెలియక, పోయినసారి ‘కీ’లో ఏమిచ్చారో వెతుక్కుంటారు.

రెండు వందల ఏళ్ల తేడా అచ్చుతప్పు కాదు. ఆ తేడా ఎందుకు వచ్చిందో తెలిస్తే ఏ తేదీ రాయాలన్న బెంగ తగ్గుతుంది. అంతకంటే ముఖ్యం, రెండు వేల ఏళ్ల కిందటి మనిషి గురించి మనకు ఏదైనా ఎలా తెలుస్తుందో అర్థమవుతుంది. అందుకే ఇక్కడ శ్రీముఖుడి కథ చెప్పడం లేదు. కథ చెప్పడానికి కావలసినంత సరుకు మన దగ్గర లేదు. ఆయన పేరు ఎక్కడెక్కడ మిగిలింది, ఏ ఆధారాన్ని ఎంతవరకు నమ్మవచ్చు అన్నదే ఇక్కడి విషయం.

మొదట పురాణాలు. మత్స్య, వాయు, బ్రహ్మాండ, విష్ణు, భాగవత పురాణాల్లో కలియుగ రాజవంశాల జాబితాలు ఉన్నాయి. ‘ఇకముందు ఫలానా రాజు ఇన్నేళ్లు ఏలుతాడు’ అని భవిష్యత్తు చెబుతున్నట్టుగా ఆ జాబితాలు సాగుతాయి. మౌర్యులు, శుంగులు, కాణ్వుల తర్వాత ఆంధ్రులు వస్తారు. కాణ్వుల్లో చివరివాడైన సుశర్మను కూలదోసి, శుంగుల బలంలో మిగిలిన కాస్తనూ తుడిచిపెట్టి ఆంధ్రజాతివాడైన ఒక రాజు భూమిని పొందుతాడనీ, 23 ఏళ్లు ఏలుతాడనీ, అతని తర్వాత తమ్ముడు కృష్ణుడు రాజవుతాడనీ చెబుతాయి. ఆ మొదటి రాజు పేరే ఒక్కో పురాణంలో ఒక్కో రకంగా ఉంది. మత్స్య పురాణంలో శిశుకుడు, వాయు పురాణంలో సింధుకుడు, విష్ణు పురాణంలో శిప్రకుడు. తాటాకుల మీద తరతరాలుగా నకళ్లు రాస్తూ వచ్చినప్పుడు అర్థం తెలియని పేరు మారిపోవడం సహజం. 1913లో పార్జిటర్ ఈ పురాణాల రాతప్రతులను పోల్చి వంశావళుల పాఠాన్ని ప్రచురించాక, ఈ తేడాలన్నీ ఒకచోట చూసే వీలు కలిగింది.

పురాణాలు తప్ప మరేమీ లేకపోతే ఈ శిశుకుడిని కల్పిత పాత్ర అని ఎవరైనా అనవచ్చు. అలా అనకుండా ఆపింది ఒక కొండదారి.

పుణె జిల్లాలో జున్నర్ నుంచి పడమరగా వెళితే సహ్యాద్రి కొండల అంచున నానేఘాట్ వస్తుంది. అక్కడి నుంచి కిందికి దిగితే కొంకణ తీరం, కల్యాణ్ రేవు. రేవులో దిగిన సరుకు ఈ కనుమ ఎక్కి జున్నర్ మీదుగా ప్రతిష్ఠానానికి, అంటే నేటి పైఠణ్‌కు చేరేది. కనుమ పైన దారి పక్కనే పెద్ద రాతి తొట్టి ఒకటి ఉంది, బాటసారుల దగ్గర సుంకం వసూలు చేసి అందులో వేసేవారని అక్కడివాళ్లు చెబుతారు. కనుమ తలదగ్గరే రాతిలో తొలిచిన గుహ ఉంది. 1828 ప్రాంతంలో సైక్స్ అనే ఆంగ్లేయ అధికారి దాన్ని చూసి, లోపలి గోడల మీది అక్షరాల గురించి పండితలోకానికి తెలియజేశాడు. తర్వాత భగవాన్‌లాల్ ఇంద్రజీ, బ్యూలర్ వంటివారు వాటిని జాగ్రత్తగా చదివారు. అక్షరాలు బ్రాహ్మి, భాష ప్రాకృతం.

గుహ వెనక గోడ మీద ఒకప్పుడు వరుసగా రాజకుటుంబం విగ్రహాలు ఉండేవి. ఇప్పుడు విగ్రహాలు లేవు. ఎవరి విగ్రహం ఎక్కడ ఉండేదో చెప్పే పేర్లు మాత్రం పైన చెక్కి ఉన్నాయి. వరుసలో మొదటి పేరు ‘రాజు సిముక శాతవాహనుడు’. ఆ పక్కన దేవి నాయనిక, రాజు శ్రీ శాతకర్ణి. తర్వాత ఒక కుమారుడు, మహారఠి త్రణకయిరో, మళ్లీ ఇద్దరు కుమారులు, హకుసిరి, శాతవాహనుడు. మన పుస్తకాల్లో శ్రీముఖుడుగా కనిపించే పేరు ఈ సిముకే. పురాణాల శిశుకుడూ ఈయనే అని పండితులు దాదాపు ఏకాభిప్రాయానికి వచ్చింది ఈ వరుస చూశాకే.

ఈ గోడను కాస్త నిదానంగా చదవాలి. ఎందుకంటే ఈ వరుసలో ఎవరున్నారన్నదెంత ముఖ్యమో, ఎవరు లేరన్నదీ అంతే ముఖ్యం. పురాణాల ప్రకారం సిముకుడి తర్వాత రాజైన తమ్ముడు కృష్ణుడు ఇక్కడ లేడు. అతను కల్పితం కాదు. నాసిక్ గుహల్లో శాతవాహన కులానికి చెందిన కణ్హ రాజు కాలంలో, నాసిక్‌లో శ్రమణుల వ్యవహారాలు చూసే మహామాత్రుడు ఒక గుహను తొలిపించాడని శాసనం ఉంది. కణ్హుడంటే కృష్ణుడే. అలాంటి రాజుకు నానేఘాట్ వరుసలో చోటెందుకు దక్కలేదు? ఈ గుహ శాతకర్ణి కుటుంబం తొలిపించింది. శాతకర్ణి కృష్ణుడి కొడుకని పురాణాలు చెప్పే మాట నిజమైతే, సొంత తండ్రిని వదిలేసి పెదతండ్రిని మొదట నిలబెట్టుకోవడం వింతగా ఉంటుంది. అందుకే శాతకర్ణి సిముకుడి కొడుకే అయి ఉంటాడని చాలామంది చరిత్రకారులు అనుకుంటారు. నాకూ అదే సబబుగా తోస్తుంది.

మహారఠి త్రణకయిరో సంగతి ఇంకా ఆసక్తికరం. మహారఠి అంటే దక్కన్‌లో ఆ కాలపు బలమైన స్థానిక నాయకుడి బిరుదు. ఈయన రాణి నాయనికకు తండ్రి అని ఎక్కువమంది అభిప్రాయం. కూతురినిచ్చిన మామగారి విగ్రహం రాజవంశం వరుసలో నిలిచిందంటే, ఆ కొత్త రాజ్యం ఎవరి అండతో నిలదొక్కుకుందో తెలుస్తుంది. స్థానిక నాయకులను ఓడించడమే కాదు, వాళ్లతో వియ్యమందడమూ రాజ్యం కట్టడంలో భాగమే. శాతవాహనుల కాలం పొడవునా మహారఠులు, మహాభోజులు శాసనాల్లో కనిపిస్తూనే ఉంటారు.

పక్క గోడల మీద పెద్ద శాసనం ఉంది. ధర్ముడికీ ఇంద్రుడికీ, సంకర్షణ వాసుదేవులకూ, చంద్ర సూర్యులకూ, నలుగురు లోకపాలకులకూ నమస్కారాలతో అది మొదలవుతుంది. తర్వాత చేసిన యజ్ఞాల పేర్లు, ఇచ్చిన దక్షిణల లెక్కలు వస్తాయి. అశ్వమేధం రెండుసార్లు, రాజసూయం, ఇంకా ఎన్నో క్రతువులు. వేల గోవులు, గుర్రాలు, ఏనుగులు, ఊళ్లు, వేల కార్షాపణాలు. ఈ లెక్కల్లో వాడిన అంకెలు మన దేశంలో దొరికిన అతి పాత బ్రాహ్మీ అంకెల్లో కొన్ని. సున్నాతో స్థానాలు లెక్కపెట్టే పద్ధతి అప్పటికి లేదు. పదికి, నూరుకు, వేయికి వేర్వేరు గుర్తులు ఉండేవి. గణిత చరిత్ర చదివేవాళ్లు నానేఘాట్ పేరు చెప్పకుండా ఉండలేనిది ఇందుకే.

ఈ శాసనం వేయించిన రాణి, ఆమె నాయనికే అనుకుంటారు, భర్తను కోల్పోయిన మనిషి. నెలల తరబడి ఉపవాసాలు చేస్తూ, ఇంట్లోనే తాపసిలా బతుకుతున్నానని చెప్పుకుంది. కొడుకులు ఇంకా చిన్నవాళ్లు కాబట్టి రాజ్యభారం ఆమె మీదే ఉండి ఉంటుందని చరిత్రకారుల ఊహ. రోజూ వందలమంది వర్తకులు నడిచే దారి పక్కన, ఏ ఊళ్లోనూ కాకుండా కనుమ తలమీద ఈ గుహ తొలిపించడం వెనక ఆలోచన ఉంది. ఈ దారి ఎవరిదో, ఈ కుటుంబం ఎక్కడ మొదలైందో సరుకు మోసుకెళ్లే ప్రతి ఒక్కరికీ తెలియాలి. సిముకుడు తనను తాను వంశస్థాపకుడినని చెప్పుకున్న శాసనం ఏదీ మనకు దొరకలేదు. ఆయన్ను మూలపురుషుడిగా నిలబెట్టింది తర్వాతి తరం, ముఖ్యంగా ఈ రాణి. వంశం నిలవకపోతే స్థాపకుడు అనే మాటే ఉండదు కదా. కోడలు అనుకోవచ్చు కాబట్టి, మామగారి పేరును మనదాకా చేర్చిన ఘనత ఆమెదే అని నేను నమ్ముతాను.

ఇక తేదీ. పురాణాల లెక్కలే తీసుకుందాం. మౌర్యులు 137 ఏళ్లు, శుంగులు 112, కాణ్వులు 45 ఏళ్లు ఏలారని అవి చెబుతాయి. చంద్రగుప్త మౌర్యుడు క్రీ.పూ. 322 ప్రాంతంలో రాజయ్యాడని అనుకుంటే, 137 తీసేస్తే 185, అందులోంచి 112 తీసేస్తే 73, అందులోంచి 45 పోతే 28. అంటే సుశర్మను సిముకుడు కూలదోసింది క్రీ.పూ. 28 ప్రాంతంలో కావాలి. రామకృష్ణ గోపాల భండార్కర్ ఇంకో మాట అన్నారు. కాణ్వులు శుంగుల పేరు మీద అధికారం చెలాయించిన మంత్రులు, వాళ్ల 45 ఏళ్లు శుంగుల 112లోనే కలిసి ఉన్నాయి, సిముకుడు కాణ్వులతోపాటు శుంగుల శేషాన్నీ తుడిచిపెట్టాడని పురాణం అనడమే దానికి గుర్తు అని ఆయన వాదన. ఆ లెక్కన క్రీ.పూ. 73 వస్తుంది. ఏదైనా క్రీ.పూ. 1వ శతాబ్దమే.

అయితే అవే పురాణాలు ఇంకో లెక్కా చెబుతాయి. ఆంధ్ర రాజులు ముప్పై మంది, మొత్తం 456 ఏళ్లు అని కొన్ని, 460 ఏళ్లు అని మత్స్య పురాణం. శాతవాహనుల ప్రాభవం క్రీ.శ. 3వ శతాబ్దం తొలి భాగంలో ముగిసిందని శాసనాలు, నాణేలను బట్టి చెప్పగలం. అక్కడి నుంచి 456 ఏళ్లు వెనక్కి వెళితే క్రీ.పూ. 3వ శతాబ్దం చివరి భాగానికి, అశోకుడు పోయిన కొద్ది కాలానికి చేరతాం. విన్సెంట్ స్మిత్ ఈ లెక్కనే పట్టుకున్నాడు. తెలుగునాట ఎన్నో పుస్తకాలు ఆ దారినే నడిచాయి. పండితుల భాషలో ఇది దీర్ఘ కాలక్రమం, ముందు చెప్పింది హ్రస్వ కాలక్రమం.

ఒకే గ్రంథంలోని రెండు మాటలు ఒకదాన్నొకటి కొట్టేస్తున్నాయి. సుశర్మను చంపింది నిజమైతే 456 ఏళ్లు కుదరవు. 456 ఏళ్లు నిజమైతే సుశర్మను చంపడం కుదరదు. సిముకుడు క్రీ.పూ. 3వ శతాబ్దంలో రాజ్యం మొదలుపెట్టి ఉంటే, కాణ్వులను అంతం చేసినవాడు అదే వంశంలో చాలా తర్వాతి రాజు అయి ఉండాలి, పురాణకర్తలు ఆ ఘనతను మూలపురుషుడికి కట్టబెట్టి ఉండాలి. దీర్ఘ కాలక్రమం పట్టుకున్నవాళ్లు అలాగే అంటారు. రెండో పక్షం, ముప్పైమంది జాబితాలో వేర్వేరు చోట్ల ఒకేసారి ఏలిన శాఖల రాజులను కూడా ఒకరి వెనక ఒకరిగా పేర్చేశారని అంటుంది. దానికి బలం లేకపోలేదు. వాయు పురాణం ప్రతుల్లో కొన్నింటిలో ఇరవై లోపు పేర్లే ఉన్నాయి, మొత్తం కాలం మూడు వందల ఏళ్లు అనే పాఠమూ ఉంది.

పురాణం తనలో తాను తేల్చుకోలేనప్పుడు రాళ్లను అడగాలి. బ్రాహ్మి లిపి కాలంతోపాటు మారుతూ వచ్చింది. విదిశ దగ్గర బేస్‌నగర్‌లో గ్రీకు రాయబారి హేలియోదోరుడు నిలిపిన గరుడ స్తంభం క్రీ.పూ. 2వ శతాబ్దం చివరిది. నానేఘాట్ అక్షరాలు దానికంటే ముదిరిన రూపంలో ఉన్నాయని లిపి చూసేవాళ్లు చెబుతారు. నానేఘాట్ రాణి సిముకుడి తర్వాతి తరం మనిషే అయితే, సిముకుడు క్రీ.పూ. 1వ శతాబ్దం దాటి మరీ వెనక్కి పోలేడు.

కళింగ నుంచి మరో సాక్ష్యం ఉంది. భువనేశ్వర్ పక్కన హాథిగుంఫాలో కళింగ రాజు ఖారవేలుడి శాసనం, రాజైన రెండో ఏట శాతకర్ణిని లెక్కచేయకుండా పడమటికి సైన్యాన్ని పంపానని చెబుతుంది. అదే శాసనంలో, మౌర్యులకు ముందు ఏలిన నందరాజు తవ్వించిన కాలువ ప్రస్తావన ఉంది. అది ఎన్నేళ్ల కిందటిదో చెప్పే మాటను 103 అనీ చదవవచ్చు, 300 అనీ చదవవచ్చు. 300 అనుకుంటే ఖారవేలుడు, శాతకర్ణి ఇద్దరూ క్రీ.పూ. 1వ శతాబ్దంవాళ్లవుతారు. 103 అనుకుంటే క్రీ.పూ. 3వ శతాబ్దానికి వెళ్లిపోతారు. లిపిని బట్టి చూసేవాళ్లు 300 వైపే మొగ్గుతున్నారు.

దీర్ఘ కాలక్రమం వైపు ఉన్న మంచి వాదన నాసిక్ శాసనంలోని మహామాత్రుడు. ఆ ఉద్యోగం పేరు అశోకుడి శాసనాల్లో కనిపించేది కాబట్టి కణ్హుడు మౌర్యులకు దగ్గరి కాలంవాడని అంటారు. కానీ ప్రభుత్వం మారినా ఉద్యోగాల పేర్లు అంత తొందరగా మారవు. మొగలుల నాటి తహసీల్దారు ఇప్పటికీ మన మండల కార్యాలయంలో కూర్చునే ఉన్నాడు. మహామాత్రుడు అనే మాట ఒక్కటే రెండు శతాబ్దాల బరువు మోయలేదు. ఇవన్నీ కలిపి చూస్తే సిముకుడిని క్రీ.పూ. 1వ శతాబ్దంలో పెట్టడమే నాకు సమంజసంగా కనిపిస్తుంది. ఇప్పుడు చరిత్రకారుల్లో ఎక్కువమంది మొగ్గు కూడా అటే.

వంశం పాతదైతే గొప్పదనే భావన మనలో బలంగా ఉంది. అశోకుడి వెంటనే మన రాజ్యం మొదలైందని చెప్పుకోవడం తియ్యగానే ఉంటుంది. ఆ తీపి కోసం ఆధారాన్ని పక్కకు జరపకూడదు.

ఇప్పుడు మన నేల మీదికి వద్దాం. జగిత్యాల జిల్లా వెల్గటూరు మండలంలో, పెద్దవాగు గోదావరిలో కలిసేచోట కోటిలింగాల ఉంది. అక్కడి మట్టికోట దిబ్బ మీద, నది ఒడ్డున ఊళ్లోవాళ్లకు చాలా కాలంగా పాత నాణేలు దొరుకుతూ ఉండేవి. 1970ల చివరి నుంచి రాష్ట్ర పురావస్తు శాఖ అక్కడ తవ్వకాలు జరిపింది. పి.వి. పరబ్రహ్మశాస్త్రి ఆ నాణేలను చదివి ప్రకటించినప్పుడు దక్కన్ చరిత్ర చదివేవాళ్లందరి చూపూ కోటిలింగాల వైపు తిరిగింది. గోబద, నారన, కంవాయ, సమగోప అనే, అంతకుముందు ఎవరూ వినని స్థానిక పాలకుల పేర్లు వాటి మీద ఉన్నాయి. వాటితోపాటే ‘రాజు శ్రీ చిముక శాతవాహనుడి’ నాణేలు దొరికాయి. నానేఘాట్ గోడ మీది సిముకుడి పేరు గోదావరి ఒడ్డున, తెలంగాణ మట్టిలో బయటపడింది.

ఈ నాణేలు కచ్చితంగా చెప్పేది ఒకటుంది. స్థానిక నాయకులు తమ పేర్లతో నాణేలు వేసుకున్న చోటుకే శాతవాహనుల అధికారం వచ్చి చేరింది. చిన్న చిన్న ఏలుబడులు ఒక పెద్ద రాజ్యంలో కలిసిపోయిన మలుపు అది. కోటిలింగాలే తొలి రాజధాని అనడానికి మాత్రం నాణేలు ఒక్కటే చాలవు. నాణెం చేతులు మారుతూ ప్రయాణం చేసే వస్తువు. పైగా చాలా నాణేలు తవ్వకంలో పొరలవారీగా కాక పైపైన దొరికినవి, కాబట్టి ఏది ఏ కాలపు పొరలోదో చెప్పడం కష్టం. చిముకుడనే పేరే పెట్టుకున్న తర్వాతి తరం రాజు ఇంకొకరు ఉండి ఉండవచ్చనే అనుమానాన్నీ పూర్తిగా కొట్టేయలేం. అయినా ఒకే రాజు పేరు మీద ఇన్ని నాణేలు ఒకేచోట దొరకడం మామూలు విషయం కాదు. సిముకుడి పునాది తెలంగాణలోనే పడిందనే వాదన ఈ నాణేల వల్ల బలపడింది.

వేరే వాదాలూ ఉన్నాయి. నానేఘాట్, నాసిక్, పైఠణ్‌లను చూపి మహారాష్ట్రే మూలమంటారు. బళ్లారి ప్రాంతంలో ‘శాతవాహని’ అనే సీమ పేరు తర్వాతి శాసనంలో ఉంది కాబట్టి అక్కడివాళ్లంటారు కొందరు. కృష్ణా తీరంలోని ధాన్యకటకం, అంటే అమరావతి ప్రాంతం, తొలి రాజధాని అనే మాట ఒకప్పుడు గట్టిగా వినిపించేది. అక్కడ శాతవాహనుల శాసనాలు పులుమావి కాలం నుంచీ కనిపిస్తాయి, అంటే సిముకుడికి చాలా తరాల తర్వాత.

పురాణాలు ఈ రాజులను ఆంధ్రులు అంటాయే తప్ప శాతవాహనులు అనవు. ఈ రాజులు తమ శాసనాల్లో శాతవాహన కులంవాళ్లమని చెప్పుకున్నారే తప్ప ఆంధ్రులమని ఎక్కడా చెప్పుకోలేదు. ఆంధ్రులు అనే జనం అప్పటికే ప్రసిద్ధులు. అశోకుడి పదమూడో శిలాశాసనంలో వాళ్ల పేరుంది. ఆ జనంలో పుట్టిన కుటుంబం పడమటి దక్కన్‌కు వెళ్లి రాజ్యం కట్టిందా, లేక ఆంధ్రదేశాన్ని గెలిచాక పురాణకర్తలు ఆ పేరుతో పిలిచారా అన్న చర్చ నూరేళ్లుగా సాగుతూనే ఉంది. కులం మీద చర్చ కూడా అలాంటిదే. భాగవతం మొదటి రాజును వృషలుడు, అంటే శూద్రుడు, అంటుంది, నాసిక్ శాసనం ఈ వంశంలో చాలా తర్వాతివాడైన గౌతమీపుత్ర శాతకర్ణిని ఏకబ్రాహ్మణుడంటుంది. దానికి దక్కవలసిన దానికంటే ఎక్కువ పేజీలే దక్కాయి.

పటం ముందు పెట్టుకుంటే ఆంధ్రమా మహారాష్ట్రమా అన్న ప్రశ్న కాస్త పలచబడుతుంది. నాసిక్ గోదావరి మీద ఉంది. పైఠణ్ గోదావరి మీద ఉంది. కోటిలింగాల గోదావరి మీదే ఉంది. సిముకుడి కాలానికి తెలంగాణ, మహారాష్ట్ర అనే సరిహద్దులు లేవు. నది లోయ ఉంది, దాని వెంట పంట ఉంది, సరుకు నడిచే దారి ఉంది, పడమటి చివర సముద్రానికి దిగే కనుమ ఉంది. క్రీ.శ. 1వ శతాబ్దంలో ఒక గ్రీకు నావికుడు రాసిన ఎరిత్రియన్ సముద్ర వర్ణన, పైఠణ్ నుంచీ తగర నుంచీ బండ్ల మీద సరుకు భరుకచ్ఛ రేవుకు చేరేదని చెబుతుంది. ఈ దారి మొత్తాన్ని ఒక కుటుంబం చేతిలోకి తెచ్చుకోవడమే సిముకుడు మొదలుపెట్టి, కణ్హుడు, శాతకర్ణి పెంచిన పని. సాంచీ స్తూపం దక్షిణ తోరణం మీద శాతకర్ణి రాజు శిల్పుల పెద్ద ఆనందుడి పేరు చెక్కి ఉంది. ఆ శాతకర్ణి ఈయనే అయితే, రెండో తరానికే వాళ్ల పలుకుబడి నర్మద దాటిందన్నమాట.

కోటిలింగాల దిబ్బలో తవ్వింది కొంత భాగమే. కింద శ్రీపాద ఎల్లంపల్లి ప్రాజెక్టు కట్టాక నిలవ నీళ్లు ఆ ఒడ్డుదాకా వస్తున్నాయి. సిముకుడి కాలం గురించీ చోటు గురించీ మిగిలిన సందేహాలను తీర్చగలిగేది పొరల్లో, ఉన్నచోట ఉన్నట్టుగా దొరికే నాణెం. అది ఈ దిబ్బలో ఇంకా ఉండే అవకాశం ఉంది. నీళ్లు తగ్గిన ప్రతి వేసవిలోనూ అక్కడ పద్ధతిగా పని జరగాలి, దొరికిన ప్రతి నాణెం ఏ పొరలో దొరికిందో రాసిపెట్టాలి, నాణేలు అమ్ముకునే బేరగాళ్లు దిబ్బ మీదికి రాకుండా కాపలా ఉండాలి.